ఎడమవైపు బిళ్ళ

మామగారికి తెలియని విషయం లేదు. ఈ మాట ఆయనే చెప్పేవాడు, రోజుకు నలభై సార్లు. బైండింగు షాపులో ఎవరు ఏం చెప్పబోయినా, ఆ మాట సగంలో ఉండగానే చెయ్యి అడ్డం పెట్టి "నాకు తెలుసు" అనేవాడు. జిగురు పలచబడిందంటే తెలుసు. రీములో కాగితాలు తక్కువొచ్చాయంటే తెలుసు. వెనక గదిలో పైకప్పు కారుతోందంటే అదీ తెలుసు. తెలిసి కూడా కింద ఒక బకెట్టు ఎందుకు పెట్టలేదో మాత్రం ఎవరూ అడగలేదు. పుస్తకాలు కుట్టే ఆడవాళ్ళు ఆయనకు నాకుతెలుసుగారు అని పేరు పెట్టుకుని, ఆయన లేనప్పుడు ఆ పేరుతోనే చెప్పుకునేవారు. ఆ సంగతి ఒక్కటే ఆయనకు తెలియదు.

కోడలు ఆ ఇంటికొచ్చి ఆరేళ్ళయింది. మొదట్లో అచ్చయిన కాగితాలు మడిచేది, తర్వాత కుట్టేది, ఈ రెండేళ్ళుగా అత్తగారి పక్కన నిలబడి కాగితం కొయ్యడం నేర్చుకుంటోంది. నోట్లో నాలుక లేని పిల్ల అని బంధువులు మెచ్చుకునేవారు. నాలుక ఉంది. మామగారు మాట్లాడుతుండగా దాన్ని కదిపే సందు దొరకలేదు, అంతే. ఆమె మొగుడికి ఆ ఇబ్బంది కూడా లేదు. తండ్రి ఏ మాటన్నా "ఔను నాన్నగారూ" అనేవాడు. తండ్రి మాట మార్చితే కూడా అదే అనేవాడు.

షాపు నడిమధ్యలో ఉండేది కటింగు మిషను. ఇరవై రెండేళ్ళ కిందట మామగారు సెకండ్ హ్యాండులో ఏరికోరి కొన్నది. ఇనప బల్ల, బల్లమీద కాగితాల దొంతర, ఆ దొంతరను పైనుంచి అదిమిపట్టే ఇనప పట్టీ, పట్టీకి ముందు బారెడు కత్తి. కుడివైపు ఎర్ర బటను. అది నొక్కితే పట్టీ దిగుతుంది, దాని వెనకే కత్తి దిగుతుంది. ఎడమవైపు, సరిగ్గా ఆ బటను ఎత్తులోనే, నాలుగు మరలతో బిగించిన గుండ్రటి స్టీలు బిళ్ళ ఒకటి ఉండేది. అదేమిటని కోడలు కొత్తలో ఒకసారి అడిగింది.

"నాకు తెలుసు. లోపలికి గాలాడ్డానికి," అన్నాడు మామగారు.

మూతేసి బిగించిన చోట గాలి ఎలా ఆడుతుందో ఆయన చెప్పలేదు. అత్తగారు ఆ బిళ్ళ మర ఒకదానికి నూనెగుడ్డ తగిలించుకునేది.

ఆ మిషను పట్టీ పట్టు సడలి చాలా ఏళ్ళయింది. కత్తి దిగే సమయానికి దొంతర వెంట్రుకవాసి జరిగేది. దానికి విరుగుడుగా షాపులో ఒక పద్ధతి పుట్టింది. కుడిచెయ్యి బటను మీద, ఎడమ అరచెయ్యి దొంతర మీద. "ఒకటి, రెండు, తియ్యి." ఒకటి అనగానే బటను నొక్కాలి, రెండు అనేటప్పుడు ఎడమచేత్తో ఇంకా గట్టిగా అదమాలి, తియ్యి అనగానే చెయ్యి తియ్యాలి. సరైన క్షణంలో తీస్తే చెయ్యీ దక్కుతుంది, అంచూ తిన్నగా వస్తుంది. ముందే తీస్తే చెయ్యి దక్కుతుంది, అంచు వంకర పోతుంది. ఆలస్యమైతే అంచు మాత్రం చాలా బాగా వస్తుంది. అత్తగారి ఎడమచేతికి చూపుడువేలు, మధ్యవేలు మొదటి కణుపు దాకానే ఉన్నాయి.

ఆ వేళ్ళు పోయి పంతొమ్మిదేళ్ళు. అప్పటినుంచి షాపులో కొత్తగా ఎవరు చేరినా మామగారు వాళ్ళను మిషను దగ్గరికి తీసుకెళ్ళి పాఠం చెప్పేవాడు.

"ఏదీ, నీ చెయ్యి చూపించు," అనేవాడు భార్యతో. ఆవిడ చూపించేది. "చూశారుగా? మిషను తప్పేం లేదు. పొయ్యి మీద పాలు పెట్టొచ్చి, ధ్యాసంతా వాటి మీద పెట్టుకుని కోసింది. పరాకు! పరాకుగా ఉన్న మనిషిని ఏ మిషను కాపాడుతుంది?"

"అవునమ్మా, నా పరాకే," అని అత్తగారు చెయ్యి కొంగులోకి లాక్కునేది. ఆవిడ అన్నన్నిసార్లు ఆ మాట అంది కాబట్టి అది నిజమైపోయింది.

ఆ సంవత్సరం బడి నోటుపుస్తకాల పని వచ్చింది. పెద్ద పని. మొదటి విడత వెళ్ళిన మూడోరోజే సగం కట్టలు తిరిగొచ్చాయి. ప్రతి పుస్తకమూ ఒక మూల ముందుకు పొడుచుకొచ్చి, కొన్నవాణ్ణి వెక్కిరిస్తున్నట్టు ఉంది. మామగారు కాగితాన్ని తిట్టాడు, వాతావరణాన్ని తిట్టాడు, అత్తగారి చేతిని తిట్టాడు. చివరికి, ఎవరూ ఏమీ అనకముందే, "నాకు తెలుసు, మిషను మార్చాలి," అన్నాడు. ఆ మాట కోడలు ఏడాది కిందటే అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

అత్తగారి మణికట్టు ఎప్పుడో అరిగిపోయింది. కొత్త మిషను మీద కోడలే నిలబడాలని నిర్ణయమైంది. ఎవరు నిర్ణయించారో చెప్పక్కర్లేదు. ఆ మధ్యాహ్నం కోడలు చేతులు కడుక్కుంటూ పది వేళ్ళనూ కాసేపు చూసుకుంది. ఏ మిషను కొంటారన్నది మామగారికి ఆయన పేరుప్రతిష్ఠల విషయం. ఆమెకు ఆ పది వేళ్ళ విషయం.

మొదట చూసింది మూతపడుతున్న ఒక పెద్ద ప్రెస్సులో మిషను. అక్కడ ముప్పై ఏళ్ళు కాగితం కోసిన మేస్త్రి ఫోనులోనే ఒక షరతు పెట్టాడు.

"మీ కాగితం మీరు తెచ్చుకోండి. నా కాగితం మీద నా మిషను ఎలాగూ బాగానే కోస్తుంది."

"మిషను అమ్మేవాడు కాగితం కూడా పెట్టుకోలేడా? దరిద్రం," అన్నాడు మామగారు ఫోను పెట్టేసి.

"ఔను నాన్నగారూ," అన్నాడు కొడుకు.

కోడలు నోటుపుస్తకాల కాగితం ఒక కట్ట, అట్టలు ఒక కట్ట సంచిలో పెట్టుకుంది.

ప్రెస్సు హాలు ఖాళీ అయిపోయింది. మిషన్లు తీసుకెళ్ళిన చోటల్లా నేల మీద నలుచదరంగా తెల్లటి మచ్చలు, వాటి మూలల్లో బోల్టుల గుంటలు. చివర ఒక్క కటింగు మిషను మిగిలింది. దాని రంగు ఒకప్పుడు ఏమిటో చెప్పడం కష్టం. చేతులు ఆనే చోటల్లా రంగు పోయి ఇనుము నున్నగా మెరుస్తోంది. పక్కన మేస్త్రి, ఆయన చొక్కా కూడా ఇంచుమించు ఆ రంగే.

మామగారి పరీక్ష చూసి తీరాలి. చేతులు వెనక్కి కట్టుకుని మిషను చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వేలి కణుపుతో రెండుచోట్ల కొట్టి చెవి ఆనించాడు. వంగి కింద చూశాడు, అక్కడ ఏం చూడాలో తెలియక లేచాడు.

"మొహం చూడరా దీనిది," అన్నాడు కొడుకుతో.

"ఔను నాన్నగారూ. మొహం బాలేదు."

"పొద్దున్నించి ఆన్ చెయ్యలేదయ్యా," అన్నాడు మేస్త్రి. "చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉంటుంది. ముందే నడిపి వేడెక్కించిన మిషను ఎంత రోగిష్టిదైనా కాసేపు మర్యాదగానే..."

"నాకు తెలుసు."

మేస్త్రి బల్ల కిందనుంచి అట్ట వేసిన నోటుపుస్తకం తీశాడు. కత్తి సాన పట్టించిన ప్రతి తేదీ, నూనె మార్చిన ప్రతి తేదీ అందులో ఉన్నాయి. మామగారు దాన్ని తెరవకుండానే తిరిగిచ్చేశాడు. కోడలు అందుకుని తిరగేసింది. అక్షరాలు మొదట్లో గుండ్రంగా ఉండి, పోనుపోను వణికాయి కానీ ఒక్క నెలా తప్పలేదు.

మేస్త్రి వేరే రెండు కత్తులు చూపించి, ఒక్కొక్కటి ఇంకా ఎన్నిసార్లు సానకు ఆగుతుందో వేలితో కొలిచి చెప్పాడు. కోడలు తెచ్చిన కాగితం తీసుకుని జానెడెత్తు దొంతర పెట్టాడు. రెండు చేతులూ రెండు బటన్ల మీద పెట్టి, కత్తి దిగి మళ్ళీ పైకి పోయేదాకా ఉంచాడు. తర్వాత దొంతరలో సగం తీసి, దాన్ని బోర్లా తిప్పి, మిగతా సగం మీద పెట్టి, బల్లకు తట్టి అంచులు కలిపాడు.

"గోటితో గీసి చూడమ్మా," అన్నాడు కోడలితో. "కోత వంకరైతే తిప్పి పెట్టినప్పుడు ఆ వంకర రెట్టింపై మెట్టులా తగులుతుంది."

ఆమె పైనుంచి కిందికి గోరు గీసింది. ఎక్కడా తగల్లేదు.

"ఎక్కడ ఏ మిషను చూసినా ఇలా తిరగేసి చూడు," అన్నాడాయన.

అప్పుడు అత్తగారు ముందుకొచ్చింది. ఇరవై రెండేళ్ళ అనుభవం, ఆవిడ చెయ్యి చెప్పందే మిషను మంచీచెడూ తేలదు. దొంతర సర్దింది, రెండు బటన్లూ నొక్కింది, పట్టీ దిగింది. కత్తి సగం దూరం వచ్చి టక్కుమని ఆగి పైకి పోయింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఆగింది.

"ఇదేంటండీ, కోసేలోపే అలుపొచ్చేస్తోంది దీనికి?" అంది అత్తగారు నవ్వుతూ. మూడోసారీ ఆగింది.

మేస్త్రి ముందుకు వంగాడు. "అమ్మా, అది ఆగడం దాని జబ్బు కాదు. మీ ఎడమచెయ్యి..."

"నాకు తెలుసు, నాకు తెలుసు," అన్నాడు మామగారు. "ముసలి మిషను. ఆయాసం. మీ చేతిలో అయితే భయానికి నడుస్తుంది, మా చేతిలో ఎందుకు నడుస్తుంది? పదండి, పదండి."

మేస్త్రి స్విచ్చి ఆపి, గుడ్డతో బల్ల తుడిచాడు. "తెలిస్తే మంచిదేనయ్యా," అన్నాడు. "నాకు ముప్పై ఏళ్ళు పట్టింది."

దారి పొడుగునా మామగారు ఆ మిషనును అనుకరించాడు. చెయ్యి కత్తిలా దించి, మధ్యలో ఆపి, ఉబ్బసం వచ్చినట్టు రొప్పేవాడు. కొడుకు నవ్వాడు. అత్తగారూ నవ్వింది. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ, మేస్త్రి చెప్పబోయి ఆపేసిన వాక్యం చివర ఏముండి ఉంటుందా అని ఆలోచిస్తూ కూర్చుంది. 'మీ ఎడమచెయ్యి' దాకా విన్నది. తర్వాతి మాటను మామగారు మింగేశాడు.

రెండోది పాత మిషన్లు కొని అమ్మే వ్యాపారి దగ్గర. ఆయన్ని ఆ వీధిలో అందరూ పాలిష్ అనేవారు. బూట్లకు పాలిష్, జుట్టుకు పాలిష్, మాటకు పాలిష్. రేకుల షెడ్డు నిండా తళతళలాడే మిషన్లు, కొత్త రంగు వాసనకు కళ్ళు మండుతున్నాయి. వీళ్ళకోసం చూపించే మిషనుకు సముద్రంలా నీలం రంగు కొట్టి, అంచులకు తెల్లగీత కూడా దిద్దారు.

"మీరు వస్తారని పొద్దున్నించి దీన్ని నడుపుతూనే ఉన్నాం సార్. రాగానే చూపించాలి కదా," అన్నాడు పాలిష్. కోడలు మోటారు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది, కాలుతోంది.

మామగారు ఈసారి కణుపుతో కొట్టలేదు. రంగు పోతుందని కాబోలు.

"మీలాంటి తెలిసిన మనిషికి నేను చెప్పేదేముంది సార్," అన్నాడు పాలిష్.

ఆ ఒక్క మాటకు మామగారు వెన్నలా కరిగిపోయాడు. ఎదుటివాడు తన మాటను తనకంటే ముందు అనడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

పాలిష్ ఎడమచేత్తో టీ గ్లాసు పట్టుకున్నాడు. తన దగ్గరే సిద్ధంగా ఉన్న పల్చటి దొంతర బల్లమీదికి తోశాడు. టీ గుటకేస్తూ కుడి బటను నొక్కాడు. కత్తి సర్రున దిగి, సర్రున లేచింది. గ్లాసులో టీ తొణకలేదు.

"చూశావురా!" అన్నాడు మామగారు. "ఒంటి చేత్తో! టీ తాగుతూ కొయ్యొచ్చు. ఆ ముసల్ది రెండు చేతులు పెట్టినా నడవలా. మన పాతదీ ఇలాగే ఒంటి చేత్తో నడిచేది, అందుకే కదా కొన్నాను."

"ఔను నాన్నగారూ."

"ఏదీ, నువ్వు చూడవే," అన్నాడు భార్యతో.

అత్తగారు కొంగు బిగించి నిలబడింది. కుడిచెయ్యి బటను మీదికి, ఎడమ అరచెయ్యి దొంతర మీదికి తమంతట తామే వెళ్ళాయి. "ఒకటి," అంది. పట్టీ కదిలింది. "రెండు," అంది. కోడలు అత్తగారి ఎడమచెయ్యి చూస్తోంది. నిండు వేళ్ళు మూడు, పొట్టి వేళ్ళు రెండు, నీలం రంగు పట్టీకి ముందు, కత్తి కింద. "తియ్యి." చెయ్యి వచ్చేసింది. కత్తి దిగిపోయింది.

"వెన్న!" అంది అత్తగారు మెరిసే కళ్ళతో. "ఒక్కసారి కూడా ఆగలేదండీ. ఇదీ మిషనంటే."

కోడలికి అప్పుడు మేస్త్రి వాక్యం చివర దొరికింది.

సంచిలోంచి తమ కాగితం కట్ట తీసింది.

"మా కాగితం ఉండగా మీకెందుకమ్మా శ్రమ?" అన్నాడు పాలిష్.

"తెచ్చాం కదండీ, మళ్ళీ మొయ్యాలి," అంది కోడలు. జానెడెత్తు దొంతర పెట్టి కోసింది. సగం తీసి, బోర్లా తిప్పి, కలిపి, గోరు గీసింది. మధ్యలో గోరు టక్కున తగిలింది. అట్టమందం మెట్టు. మామగారికి చూపించింది.

"సెట్టింగమ్మా అది. పది నిమిషాల పని," అన్నాడు పాలిష్.

"నాకు తెలుసు. సెట్టింగే," అన్నాడు మామగారు, కోడలి వంక చూడకుండా. జేబులోంచి కాగితాలు తీసి, బయానా మాట మాట్లాడుకోవడానికి కుర్చీ లాక్కున్నాడు.

"మరి ఈ ఎడమ బటను దేనికండీ?" అంది కోడలు.

పాలిష్ గ్లాసు కింద పెట్టాడు. "అదా... కంపెనీవాడు అందానికి పెట్టాడమ్మా."

"నాకు తెలుసు. రెండువైపులా ఉంటే జతగా ఉంటుందని," అన్నాడు మామగారు.

కోడలు ఎడమ బటను నొక్కింది. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కింది. ఏమీ కాలేదు. అప్పుడు అట్టల కట్టలోంచి రెండు అట్టలు తీసి, వేలంత లావున బిగించి చుట్టింది. రెంటినీ పక్కపక్కన, అత్తగారి ఎడమచెయ్యి ఇంతకుముందు ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడ దొంతర మీద పెట్టింది. ఒక అడుగు వెనక్కి జరిగి, చెయ్యి బారజాపి కుడి బటను నొక్కింది.

కత్తి ఆగలేదు. రెండు ముక్కలు బల్లమీద దొర్లి, అత్తగారి కాళ్ళ దగ్గర పడ్డాయి. ఒక్కొక్కటి వేలి కణుపంత ఉంది.

"ఏంటా పిచ్చి పని?" అన్నాడు మామగారు.

"ప్రెస్సులో మిషను మూడుసార్లు ఆగింది అత్తయ్యా," అంది కోడలు. మామగారితో కాదు, అత్తగారితో. "మూడుసార్లూ మీ ఎడమచెయ్యి బటను వదిలి కాగితం మీదికి పోయింది. అందుకే ఆగింది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటేనే కత్తి దిగాలి, చెయ్యి తీస్తే ఆగాలి. దానికి జబ్బు లేదు. దీనికి ఎడమ బటను చంపేశారు. అందుకే ఇది ఆగదు."

ఆరేళ్ళలో ఆమె ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడ్డం అదే మొదలు. మామగారు చెయ్యి అడ్డం పెట్టబోయాడు గానీ చేతినిండా కాగితాలున్నాయి.

పాలిష్ నవ్వాడు. "అందరూ ఇలాగే నడుపుతారమ్మా. రెండు చేతులూ బటన్ల మీద పెట్టుకుని భజన చేస్తూ కూర్చుంటే పనెప్పుడు తెమిలేది? కొనేవాళ్ళే అడుగుతారు, ఎడమది తీసెయ్యండీ అని. సార్‌ని అడగండి, సార్‌కి తెలుసు."

"నాకు..." అన్నాడు మామగారు.

ఆ మాట అక్కడే ఆగింది. సగం దిగిన కత్తిలా.

అత్తగారు వంగి ఆ రెండు ముక్కలూ ఏరుకుంది. అరచేతిలో పెట్టుకుని, తన పొట్టి వేళ్ళ చివర ఆనించి చూసుకుంది. సరిపోయాయి.

"ఏమండీ," అంది. "మన పాతదీ ఇలాంటిదే అన్నారు కదా. మరి దానికి ఎడమ బటనేదీ?"

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంటికే వెళ్దాం," అంది ఆవిడ. బయానా కాగితాలు ఆయన చేతిలోంచి లాక్కోలేదు. నడిచి బయటికి వెళ్ళిపోయింది, కోడలు వెనకే వెళ్ళింది. మామగారు కుర్చీ అంచున ఇంకో నిమిషం కూర్చుని, భార్య తిరిగిరాదని అర్థమయ్యాక లేచాడు.

షాపుకొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. కుట్టేవాళ్ళు టీకి వెళ్ళారు. అత్తగారు నేరుగా పాత మిషను దగ్గరికి వెళ్ళి, బిళ్ళ మరకు వేలాడుతున్న నూనెగుడ్డ తీసి భుజాన వేసుకుంది.

"స్క్రూడ్రైవరు," అంది.

"ఏమిటే నీ చాదస్తం? అది గాలికి పెట్టిన..." అన్నాడు మామగారు. కొడుకు వంక చూశాడు. కొడుకు ఔను నాన్నగారూ అనలేదు. స్క్రూడ్రైవరు తెచ్చి తల్లికిచ్చాడు.

మరలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఆవిడ మణికట్టు ఆగలేదు, కోడలు తిప్పింది. నాలుగో మర ఊడగానే బిళ్ళ అత్తగారి చేతిలోకి జారింది. వెనక గుండ్రటి కన్నం, కుడివైపు బటను పట్టేంత. కన్నంలో రెండు వైర్లు, కొసలు ఒకదానికొకటి మెలేసి, పైన టేపు చుట్టి ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ టేపు ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది.

మామగారు గోడకున్న క్యాలెండరు చూస్తున్నాడు.

"ఇది మీకు తెలుసా, తెలియదా?" అంది అత్తగారు.

అంతటి మనిషి, నలభై ఏళ్ళుగా ఒకటే జవాబు చెప్పినవాడు, ఆ జవాబు ఇప్పుడు చెప్పలేకపోయాడు. తెలుసంటే ఒక తప్పు. తెలియదంటే ఆయన లెక్కలో అంతకంటే పెద్ద తప్పు.

"ఆ రోజుల్లో అందరూ తీసేయించేవాళ్ళే," అన్నాడు చివరికి. "పని త్వరగా తెమలాలని..."

"మీరు అడిగి తీసేయించారా?"

"నీ వేళ్ళు పోతాయని కలగన్నానా? నువ్వు కాస్త ధ్యాసగా ఉండుంటే..."

"పాలు నేను పెట్టలేదండీ," అంది అత్తగారు. గొంతు పెంచలేదు. "ఆ రోజు నేను మిషను దగ్గరికొచ్చేసరికి పొయ్యి మీద పాలు లేవు. మీ అమ్మగారే పెట్టారు, ఆవిడే దించేశారు. నా ధ్యాస కాగితం మీదే ఉంది. వేళ్ళు పోయినప్పుడు మీరు పాలన్నారు. అంతమంది ముందు కాదనడం ఎందుకని ఊరుకున్నా. తర్వాత్తర్వాత నిజంగానే పెట్టానేమో అనిపించింది."

కోడలు నేల మీద పడిన మరలు ఏరుతూ ఉండిపోయింది. ఆవిడ మొహం చూడడం మర్యాద కాదనిపించింది.

"నా వేళ్ళు అయిపోయాయి," అంది అత్తగారు. "ఈ పిల్ల వేళ్ళు ఇంకా ఉన్నాయి. రేపు ప్రెస్సుకి మేమిద్దరం వెళ్తాం. మీరు రాకండి. మీరుంటే ఆయన చెప్పేది వినపడదు."

మర్నాడు పొద్దున్నే వెళ్ళారు. మేస్త్రి మిషనుకు గుడ్డ కప్పి, దాని పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మళ్ళీ వస్తారని అనుకున్నట్టూ లేదు, అనుకోనట్టూ లేదు. ఆయన చెప్పిందంతా అత్తగారు చివరిదాకా వింది. మధ్యలో ఎవరూ అడ్డం రాకపోయేసరికి ఆయనకే వింతగా ఉన్నట్టుంది, ఒకటి రెండుసార్లు ఆగి చూశాడు. దొంతర జరగకుండా పట్టీ బిగువు ఎలా పెంచుకోవాలో చూపించాడు. "ఈ పట్టీ పట్టుకుంటుందమ్మా. చేత్తో మీరు పట్టుకోనక్కర్లేదు," అన్నాడు.

అత్తగారు రెండు బటన్ల మీదా చేతులు పెట్టింది. పట్టీ దిగింది. ఎడమచెయ్యి లేచి కాగితం మీదికి పోయింది. కత్తి టక్కుమని ఆగింది.

"సరేలేవే, చూశావులే," అంది ఆవిడ మిషనుతో. ఈసారి ఎడమచేతిని బటనుకు అదిమిపట్టి ఉంచింది. పొట్టి వేళ్ళు బటను చుట్టుకోలేవు, అరచెయ్యి మడమతో నొక్కింది. దొంతర తెగింది. తర్వాత పక్కకు జరిగి కోడలికి చోటిచ్చింది.

మిషను షాపుకొచ్చిన రోజు మామగారు ఇరుగుపొరుగు షాపులవాళ్ళను పిలిచి చూపించాడు. "రంగు చూసి కొనేవాళ్ళు వెర్రివాళ్ళండీ. మిషనంటే ఇలా ఉండాలి. నాకు తెలుసు," అని చెప్పాడు. వాళ్ళు తలాడించారు. ఆయన అంతకంటే మారతాడని ఎవరూ ఆశపడలేదు, ఆయన కూడా ఎవరినీ నిరాశపరచలేదు.

ఒక్కటి మాత్రం జరిగింది. ఆ గుండ్రటి స్టీలు బిళ్ళను అత్తగారు శుభ్రంగా తోమి, ఆయన బల్లమీద కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టింది. ఆయన దాన్ని తీసి సొరుగులో వేశాడు. మర్నాడు అది మళ్ళీ బల్లమీద ఉంది. మళ్ళీ సొరుగులోకి పోయింది, మళ్ళీ వచ్చింది.

నెల తిరక్కుండా కుట్టుపనికి ఒకామె కొత్తగా చేరింది. మామగారు అలవాటు చొప్పున ఆమెను మిషను దగ్గరికి తీసుకొచ్చి, భార్యను కేకేశాడు. "ఏదీ, నీ చెయ్యి..."

అత్తగారు వచ్చి చెయ్యి చాపింది. కొంగులోకి లాక్కోలేదు.

"చెప్పండి," అంది.

మామగారు కొత్తామె వంక చూశాడు. కోడలు రెండు బటన్ల మీదా చేతులుంచి, కోత మధ్యలో ఉంది, తల తిప్పలేదు. అవతల ఆయన బల్లమీద బిళ్ళ ఎండకు మెరుస్తోంది.

"పని చూసుకోండి," అని గొణిగి ఆయన వెనక గదిలోకి వెళ్ళాడు. అక్కడ పైకప్పు ఇంకా కారుతూనే ఉంది.